సదరు తీగచుట్ట

ఆ రోజుల్లో ఏదైనా నేర్చుకోవాలంటే, అది ఎక్కడ దొరుకుతుందో ముందు కనుక్కోవాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి బయటికి వచ్చిన ఏళ్లలో, మైదుకూరు చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ అంటే టీవీ రిపేరు, ఇన్వర్టరు బిగింపు, అంతే. పుస్తకం కావాలంటే కడపకు పోవాలి. కడపలో లేకపోతే కర్నూలుకు పోవాలి. కర్నూలులోనూ లేకపోతే ఆ సంగతి మనకు అవసరం లేదని సర్దుకోవాలి. నేను సర్దుకోలేదు. (సర్దుకునే గుణం పెళ్లయ్యాక కూడా రాలేదని మా ఇంట్లో వాళ్లు అంటారు.) భూమిలో పూడిన ఇనుమును కనిపెట్టే యంత్రం, అదే మెటల్ డిటెక్టరు, ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. దాన్ని పేటెంటు కాగితాలు చదివి నేర్చుకున్నాను. ఇప్పుడు చెబితే గొప్పగానే ఉంటుంది కానీ, అప్పట్లో దాని వల్ల మా వీధిలో నాకు దక్కిన మర్యాద వేరు.

మైదుకూరు బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు నడిపే ఒక శెట్టిగారు, కొడుకు కంటి ముందు ఉంటాడన్న ఆశతో కొట్టు పక్కగదిలో నెట్ సెంటరు పెట్టించారు. కొడుకు మాత్రం కంప్యూటర్ల అట్టపెట్టెలు విప్పిన వారానికే హైదరాబాదు బస్సెక్కాడు. వాటిని వెనక్కి ఇచ్చే దారి లేక, డిప్లొమా ఉందని శెట్టిగారు నన్ను పనిలో పెట్టుకున్నారు. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ఆ గదిలో నిలబడటానికి చోటుండేది కాదు. మిగతా కాలమంతా యూరియా వాసన, నేను. తోచక ఒక పత్రికలో చూసిన బొమ్మ పట్టుకుని మెటల్ డిటెక్టరు కట్టాను. అది ఇనుమును తప్ప అన్నిటినీ కనిపెట్టేది. నేను చెయ్యి దగ్గరికి తెస్తే కూసేది. మా అమ్మ గది దాటితే కూసేది. కొడవలి తెచ్చి దాని మీద పెడితే ఊరుకునేది. మగ్గం మీద నుంచి మా నాయన ఇదంతా చూసి, మనుషులను కనిపెట్టడానికి మనకు కళ్లు ఉన్నాయి కదా అని ఒక్క మాట అని, మళ్లీ పనిలో పడ్డాడు.

దాని తప్పు ఎక్కడుందో వెతుకుతూ పోతే నెట్‌లో అమెరికా పేటెంట్లు దొరికాయి. కొత్త యంత్రం కనిపెట్టినవాడు ఇది నాది అని సర్కారు దగ్గర రాయించుకునే పత్రం అది. అలా రాయించుకోవాలంటే దాన్ని ఎలా చేశాడో దాచకుండా చెప్పాలి, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఇంత మంచి ఏర్పాటు లోకంలో ఉందని నాకు ఎవరూ చెప్పలేదే అని ఆ రోజు నిజంగా కోపం వచ్చింది. ఒక్కో పేజీ తెర మీద పైనుంచి కిందికి, మా నాయన మగ్గం మీద చీర దిగినంత నింపాదిగా దిగేది. బొమ్మలు బాగుండేవి. రాత మాత్రం నోట్లో ఇసుక పోసినట్టుండేది. ఒక్కో వాక్యం పేజీ సగం వరకూ పోయేది. తీగచుట్ట అని ఒకసారి చెప్పిన తర్వాత ఊరికే తీగచుట్ట అనడు, పైన చెప్పబడిన తీగచుట్ట అంటాడు. అది ఒక బద్దకు బిగించి ఉంటే, పైన చెప్పబడిన బద్దకు బిగించబడిన పైన చెప్పబడిన తీగచుట్ట అంటాడు. బొమ్మలు ప్రింటు తీసుకుని రాతను వదిలేసేదాన్ని. యంత్రం మనుషులను కనిపెడుతూనే ఉంది.

ఇట్లా ఉండగా మా పెదనాయనకు కంటి ఆపరేషను అయింది. మా నాయనకు అన్న. వీధిలో మా ఇంటి పక్క ఇల్లే ఆయనది. ఇంట్లో అందరూ మగ్గం పట్టుకుంటే ఆయన ఒక్కడు కలం పట్టి దస్తావేజులు రాసే పనిలోకి పోయాడు. ఊళ్లో పొలం అమ్మినా కొన్నా అన్నదమ్ములు పంచుకున్నా ఆయన రాస్తేనే చెల్లుతుందని పేరు. అందరూ స్టాంపు పెదనాయన అనేవాళ్లు. ఆ పేరుకు ఆయన లోలోపల మురిసిపోయేవాడు. అలాంటి మనిషికి నల్లద్దాలు పెట్టి, కొన్ని వారాలపాటు అక్షరం చూడకూడదని డాక్టరు చెప్పేశాడు. పగలంతా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని, దారిన పోయే ప్రతివాళ్లనూ ఎవరు నువ్వు, ఎవరి కొడుకువు అని అడిగేవాడు. పెద్దమ్మ రెండు రోజులు చూసి, మా ఇంటికొచ్చి, సాయంత్రం మైదుకూరు నుంచి వచ్చి బస్సు దిగాక ఒక గంట ఆయన దగ్గర కూర్చుని ఏదైనా చదివి వినిపించమని నన్ను బతిమాలింది. పేపరు తీసుకుపోతే అందులో అన్నీ అబద్ధాలే అన్నాడు. భక్తి పుస్తకం తీస్తే, అంత వయసు ఇంకా రాలేదన్నాడు. నా సంచిలో మిగిలినవి పేటెంటు ప్రింట్లు. చేసేది లేక వాటినే తీశాను.

ఇంగ్లీషు ఆయనకు అంతంత మాత్రమే. కాబట్టి నేను వాక్యం చదివి, అక్కడికక్కడే తెలుగులో చెప్పాలి. మొదటి వాక్యానికే నాలుక మడతపడింది. పైన చెప్పబడిన తీగచుట్ట అని మొదలుపెట్టానో లేదో, ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"పైన చెప్పబడిన అని అంత పొడుగు ఎందుకు పాపా? సదరు అను. సదరు తీగచుట్ట."

ఆ ఒక్క మాటతో నా చిక్కు సగం విడిపోయింది. సదరు బద్దకు బిగించిన సదరు తీగచుట్ట. ఎన్నో ఏళ్లుగా పెదనాయన నోట వింటున్న దస్తావేజుల భాషే ఇది. పత్రం చివర్లో కనిపెట్టినవాడు తన హక్కులు ఒక్కొక్కటిగా చెప్పుకునే భాగం వస్తుంది. అది వినగానే పెదనాయన నిటారుగా కూర్చున్నాడు. ఇది చెక్కుబందీ అన్నాడు. పొలం అమ్మేటప్పుడు తూర్పున ఫలానావాళ్ల చేను, పడమట వంక అని హద్దులు రాస్తారే, అట్లా ఈ మనిషి తన బుద్ధికి హద్దులు రాసుకున్నాడట. తీగ ఏ లోహానిదైనా, ఎన్ని చుట్లైనా, ఏ ఆకారమైనా అని రాసిన చోట ఆయనకు కోపం వచ్చింది.

"వీడు శానా ఆశపోతు. ఒక చేను కొంటా ఊరంతా రాయించుకున్నట్టుండాది. తర్వాత ఏమంటాడు?"

ఆ తర్వాత ఏమంటాడో చెప్పడానికి నేను ముందుగా అర్థం చేసుకోవాల్సి వచ్చేది. బస్సులో వస్తూ రేపటి వాక్యాలకు తెలుగు వెతుక్కునేదాన్ని. డిప్లొమాలో మార్కులు తెచ్చుకున్నాను కానీ, ఒక మనిషికి అర్థమయ్యేటట్టు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. యంత్రంలో రెండు విద్యుత్ స్వరాలు పుడతాయని, రెండింటినీ ఒకే శ్రుతికి తెస్తే ఏమీ వినపడదని, తీగచుట్ట కిందికి ఇనుము వస్తే ఒక స్వరం కాస్త జరుగుతుందని, ఆ తేడానే మన చెవికి కూతగా వినపడుతుందని ఒక సాయంత్రమంతా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ విని, ఇద్దరు అన్నదమ్ములు ఒకే మాట మీద ఉన్నంతసేపూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందని, మూడోవాడు చెవిలో ఏదో ఊది ఒకణ్ని మార్చగానే రచ్చ వీధిలోకి వినపడుతుందని, అంతే కదా అన్నాడు. అంతే. ఇప్పటికీ నేను తరగతిలో ఆ పాఠం చెప్పేటప్పుడు అన్నదమ్ములతోనే మొదలుపెడతాను.

చెయ్యి తగిలితే కూసే జబ్బుకు మందు కూడా ఆ కాగితాల్లోనే ఉంది. తీగచుట్టకు పలచని లోహపు తొడుగు వేయాలట. వెండికాగితం కోసం పెదనాయన బీడీ బంకు వాణ్ని పట్టుకుని సిగరెట్టు పెట్టెల లోపలి కాగితాలన్నీ దాపెట్టించాడు. (నల్లద్దాలాయనకు ఈ వయసులో ఇదేం అలవాటని వీధిలో గుసగుసలు పోయాయి.) పెద్దమ్మ పాత జల్లెడ వల ఊడగొట్టి, దాని చెక్క చట్రానికి రాగితీగ చుట్టి, పైన వెండికాగితం ఎక్కడా సందు లేకుండా అతికించాను. యంత్రం పూర్తిగా మూగబోయింది. మళ్లీ చదివితే, తొడుగు చుట్టూ కలిసిపోకుండా ఒక చోట తెగి ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. తెగిన అన్న మాటకు నేను అతికిన అని అర్థం చెప్పానని పెదనాయన వాదన. ఆయనే సరిగా వినలేదని నాది. వేలెడు మేర కత్తిరించగానే అది కొడవలికి కూసింది. పెద్దమ్మ గాజులకు కూడా కూసింది. ఆ సాయంత్రం మేమిద్దరం ఎంత సంతోషపడ్డామో చెప్పడానికి సదరు లాంటి మాట ఏదీ నాకు దొరకడం లేదు.

ఇక అసలు కథ. అవి వానలు మొహం చాటేసిన ఏళ్లు. పంచాయతీ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. ఆ ఎండాకాలం మా వీధి కొళాయిల్లో నీళ్లకు బదులు గాలి మాత్రమే వచ్చేది. కింది వీధికి మాత్రం పుష్కలంగా పోయేవి. మా వీధి మొదట్లో ఎక్కడో భూమిలో ఒక వాల్వు ఉందని, అది సగం మూసుకుని ఉందని, తెరిస్తే నీళ్లు వస్తాయని కొళాయిలు తిప్పే వాల్వు మామ చెప్పాడు. ఎక్కడుందో ఆయనకూ తెలియదు. తెలిసిన పాతమనిషి రెండేళ్ల కిందట కాలం చేశాడు. వాల్వు మీది ఇనుప మూత మీద మట్టి పడింది, కంకర పడింది, తర్వాత సిమెంటు రోడ్డూ పడిందని అందరి లెక్క. ఆడవాళ్లందరూ బిందెలెత్తుకుని ఊరి చివరి బోరింగు దగ్గరికి నడిచేవాళ్లు. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి, ఆమె కూడా నడిచేది.

మా పెదనాయన ఊరుకోలేదు. పాప దగ్గర యంత్రం ఉంది, ఇనుప మూత ఎక్కడున్నా కూస్తుంది అని వాల్వు మామకు హామీ ఇచ్చేశాడు. నాకు భయమేసింది కానీ, గర్వం భయాన్ని పక్కకు నెట్టింది. నేను రోజూ అరుగు మీద పెట్టుకుని యంత్రాన్ని సరిచేసేదాన్ని. శ్రుతి కలిపే మీటను తిప్పి తిప్పి, కూత పూర్తిగా అణిగిపోయేదాకా తెచ్చేదాన్ని. దారిలో ఎవరి చెయ్యైనా తగిలి ఆ మీట జరిగితే పరువు పోతుందని పెదనాయన దాని మీద లక్క కరిగించి పోయించి, తన ఉంగరంతో ముద్ర కూడా కొట్టాడు. యంత్రాన్ని ఎక్కడ సరిచేయాలో కాగితంలో రాసి ఉందే అని నాకు ఏదో లీలగా గుర్తుకొచ్చింది. అప్పటికే వీధిలో జనం పోగయ్యారు.

నేను కర్రకు కట్టిన జల్లెడ పట్టుకుని వీధి మొదట్లో నిలబడ్డాను. యంత్రం కూసింది. రెండు అడుగులు వేశాను, కూసింది. పక్కకు జరిగాను, కూసింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆపకుండా కూస్తూనే ఉంది. మా వీధి కింద ఇనుప గనేదో ఉందని ఒకాయన అన్నాడు. కూత కాస్త గట్టిగా ఉన్న చోట తవ్వమన్నాను. కూలీలు సిమెంటు పగలగొడితే ఎద్దు నాడా ఒకటి దొరికింది. ఇంకో చోట సైకిలు చైను ముక్క. మూడో చోట ఏమీ దొరకలేదు, చెమట తప్ప. సైకిలు చైను తమ తాతదని ఒకామె గుర్తుపట్టి కళ్లు తుడుచుకుంది. మిగతావాళ్లు నా వైపు చూసి నవ్వుకుంటూ బిందెలెత్తుకున్నారు. రోడ్డు గుంతలు పడిందని పంచాయతీవాళ్లు వాల్వు మామను కసిరారు. నాకు ఆ రోజు నుంచి జల్లెడ పాప అనే పేరు వచ్చింది. (ఆ ఊళ్లో నాకు పెళ్లి సంబంధం కుదరకపోవడానికి ఆ పేరూ ఒక కారణమని మా అమ్మ నమ్మకం.)

సాయంత్రం అరుగు మీదికి పోవాలనిపించలేదు. పెద్దమ్మ వచ్చి, ఆయన నీకోసం చూస్తాన్నాడు పో అంటే పోయాను. ఆయన, మొదటి నుంచి చదువు అన్నాడు. చదివాను. మూడో పేజీలో ఆ వాక్యం వచ్చింది. సదరు యంత్రమును ముందుగా లోహపు వస్తువు ఏదియు దరిదాపులలో లేని స్థలమునందు సరిచేసుకొనవలెను. మొదటిసారి చదివినప్పుడు ఇద్దరం దాన్ని పట్టించుకోలేదు. అరుగు కింద మట్టి తప్ప ఏముంటుంది అని ఆయనే అన్నాడు. ఆలోచిస్తే సంగతి ఇట్లా ఉంది. నేను అరుగు మీద కూత అణగదొక్కాను. అరుగు కింద ఇనుము ఉంటే, ఇనుము ఉన్న చోట నోరు మూసుకోమని యంత్రానికి నేర్పినట్టే. అందుకే ఇనుము లేని వీధంతా అరిచి గోల చేసింది. ఆ మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు. రేపు వంక దగ్గరికి పోయి సరిచేసుకురా అని ఆయన అన్నాడు. గోరుతో లక్క ముద్ర తనే పెకలించాడు.

తెల్లవారి ఊరి బయట ఎండిన వంక ఇసుకలో నిలబడి మీట తిప్పాను. కూత అణిగింది. తిరిగి వీధిలోకి వస్తే యంత్రం ఎక్కడా నోరు మెదపలేదు. నిన్నటి గుంతల పక్క నుంచి పోయాను, చప్పుడు లేదు. మా ఇల్లు దాటాను. అరుగు దగ్గరికి వచ్చి జల్లెడ దాని మీద ఉంచగానే కూత లేచింది. పక్కకు తీస్తే తగ్గింది. మళ్లీ పెడితే లేచింది. నల్లద్దాల వెనక పెదనాయన కళ్లు ఎటు చూస్తున్నాయో నాకు తెలియలేదు. వాల్వు మామ, పెద్దమ్మ, బోరింగు నుంచి వస్తున్న నలుగురు ఆడవాళ్లు, మగ్గం దిగి వచ్చిన మా నాయన, అందరూ ఉన్నారు.

మొదట యంత్రం తప్పు అన్నాడు పెదనాయన. నిన్న తప్పు చెప్పిన యంత్రం ఇవాళ నిజం చెబుతుందని ఏం నమ్మకం అన్నాడు. ఆ అరుగు తన తండ్రి కట్టించాడని, ఆ కాలంలో వాల్వులే లేవని కూడా అన్నాడు. నిజానికి పాత అరుగును కొళాయిలు వచ్చాక మూడడుగులు వీధిలోకి పెంచింది ఆయనే. నాకప్పటికి ఊహ తెలియదు, మా నాయనకు తెలుసు. మా నాయన నేల చూపులు చూస్తున్నాడు. వాల్వు మామ చేతులు నలుపుకుంటూ, చాలా మర్యాదగా అడిగాడు.

"కోపం చేసుకోవద్దు పెద్దాయనా. దస్తావేజులో ఈ అరుగు ఉండాదా?"

ఊళ్లో అందరి హద్దులూ రాసిన మనిషి. ఉంది అంటే కాదనేవాళ్లు లేరు. ఆ పత్రం రాసిందీ ఆయనే, పెట్టెలో దాచిందీ ఆయనే. నాకు ఆ క్షణంలో యంత్రం మీద, పేటెంట్ల మీద, నా మీద అసహ్యం పుట్టింది. తప్పు నాదే, ఇంకోసారి వంక దగ్గరికి పోయి చూసుకుని వస్తాను అందామని నోరు తెరిచాను. ఈలోగా పెద్దమ్మ బిందె దించింది.

"ఎండాకాలమంతా నేను యాడి నుంచో నీళ్లు మోస్తాండా. నువ్వేమో నీళ్ల మింద కూచోని చదివించుకుంటాండావు."

ఎవరో కిసుక్కుమన్నారు. పెదనాయన మొహం ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత మెల్లగా సడలింది. కర్ర ఊతగా అరుగు దిగి, వీధిలో నిలబడ్డాడు.

"లేదప్పా. రాసిన దాంట్లో గోడ వరకే మాది. పగలగొట్టండి."

రాళ్లు తీసి మట్టి తవ్వితే ఇనుప మూత బయటపడింది. వాల్వు మామ గుంతలోకి దిగి బలమంతా పెట్టి తిప్పాడు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత వీధిలో కొళాయిలన్నీ ఒకదాని తర్వాత ఒకటి దగ్గి, తుప్పు నీళ్లు కక్కి, కాసేపటికి తెల్లగా పోశాయి. నన్ను ఎవరూ పొగడలేదు, అందరూ బిందెల వెనక పరుగెత్తారు. పెదనాయన ఒక్కడు నా తల మీద చెయ్యి వేసి, వాడు ఆశపోతైనా మాట మాత్రం సరిగా రాసినాడు అన్నాడు. ఆ అమెరికా మనిషి గురించి.

అరుగు మళ్లీ కట్టలేదు. నల్లద్దాలు తీసేదాకా మిగిలిన రోజులు పెదనాయన ఇంట్లో మంచం మీద కూర్చుని విన్నాడు. ఇంకో రకం డిటెక్టరు పేటెంటు ఒకటి సంపాదించాను, చాలా పొడుగుది. దాన్ని తెలుగులోకి తిప్పుకుంటూ ఒక సాయంత్రం బస్సు దిగి పోతే, ఆయన వసారాలో కొత్త కళ్లద్దాలతో పేపరు చదువుకుంటున్నాడు. డాక్టరు చదువుకోవచ్చని చెప్పాడట. ఎంత సంతోషంగా ఉన్నాడో. అబద్ధాలన్నీ ఇప్పుడు నేనే చదువుకుంటాను, నీకు శ్రమ తప్పింది పాపా అన్నాడు. మంచిదే పెదనాయనా అన్నాను. సంచిలోంచి కాగితాలు తీయలేదు. పెద్దమ్మ ఇచ్చిన కాఫీ తాగి ఇంటికి వచ్చేశాను. రేపటి నుంచి పని మీద పోతాడు, ఇది మామూలే అని నాకు నేను చెప్పుకున్నాను కానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ మరుసటి ఏడాది కర్నూలులో ఉద్యోగం వచ్చింది. పెదనాయన ఇప్పుడు లేడు. పెళ్లి, పిల్లలు, బదిలీలు, అన్నీ అయ్యాయి. తరగతిలో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. పేటెంట్లు ఇప్పటికీ చదువుతాను, పని కోసం కొంత, ఊరికే కొంత. ఎంత పొడుగు వాక్యమైనా ఒక్కసారికే అర్థమవుతుంది. ఎవరికీ తెలుగులో చెప్పాల్సిన పని లేదు. అందుకే కాబోలు త్వరగా అయిపోతాయి. కొన్ని సాయంత్రాలు కాగితం మూసి, జల్లెడ కర్ర భుజాన వేసుకుని వీధి మధ్యలో తలెత్తి నడిచిన ఆ అమ్మాయిని తలచుకుంటాను. ఏమీ తెలియకపోయినా ఎంత ధీమా దానికి. మొదట నవ్వొస్తుంది. తర్వాత దాని మీద కాస్త అసూయగా ఉంటుంది. అది చదివే ప్రతి వాక్యం కోసం ఎదురుగా ఒక మనిషి కాచుకుని ఉండేవాడు.